లాసిక్స్ ఇచ్చిన రెండు గంటల తర్వాత

రాత్రి రెండు దాటాక స్ట్రెచర్ మీద వచ్చిన మనిషి పడుకోవడానికి ససేమిరా ఒప్పుకోకుండా, రెండు చేతులూ అంచుల మీద ఆనించి, మెడ ముందుకు చాచి, భుజాలతో ఊపిరి తీసుకుంటూ కూర్చుని ఉన్నాడంటే, ఈసీజీ తీయకముందే, కార్డియాలజీ వార్డులో నాలుగేళ్ళు చేసిన ఏ నర్సుకైనా సగం సంగతి అర్థమైపోతుంది. ఆ రాత్రి వచ్చిన ఆయనకు 58 ఏళ్ళు. మూడేళ్ళ కిందట గుండెపోటు వచ్చిందనీ, గుండె పంపింగ్ 28 శాతమనీ పాత కాగితాల్లో ఉంది. తోసుకొచ్చిన వార్డుబాయ్ అలవాటు కొద్దీ భుజాలు పట్టి పడుకోబెట్టబోతే ఆయన మాట పెగలక చేత్తో వద్దని ఊపారు. పెదవులు నీలం తిరిగాయి, బనియను చెమటకు ఒంటికి అంటుకుపోయింది, చీలమండ దగ్గర వేలితో నొక్కితే పడిన గుంట అలాగే ఉండిపోయింది. పక్కన ఆయన భార్య ఏడుస్తూ, "గ్యాస్ పట్టేసిందండీ సిస్టర్‌గారూ, సాయంత్రం నుంచీ సోడా తాగిస్తూనే ఉన్నాం" అంటున్నారు.

"బాబాయిగారూ, పడుకోవద్దు, కాళ్ళు కిందికి వేలాడేసి కూర్చోండి" అని మంచం తలవైపు పైకి లేపి, రక్తంలో ఆక్సిజన్ శాతం, అంటే శాచురేషన్, 82 చూపిస్తుంటే ఆక్సిజన్ మాస్కు పెట్టి, చేతికి క్యాన్యులా వేసి, మూత్రానికి గొట్టం వేసి, ఒంట్లో చేరిన నీటిని మూత్రంలోకి దించడానికి డ్యూటీ డాక్టరుగారు రాసిన లాసిక్స్ మందు 80 మిల్లీగ్రాములు నెమ్మదిగా నరంలోకి ఎక్కించేసరికి రెండూ ఇరవై ఐదు అయింది. యూరిన్ బ్యాగ్ ఖాళీ చేసి ఆ సమయాన్ని చార్టులో రాశాను. డాక్టరుగారు మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి అందించే బైపాప్ మిషను పెట్టించి, కాసేపు నిలబడి చూసి, కింద క్యాజువాలిటీ నుంచి పిలుపు వస్తే పరుగున వెళ్ళారు. నాలుగున్నరకు బ్యాగ్‌లో చూస్తే 110 మిల్లీలీటర్లే ఉంది. ఆ అంకెకు అర్థం నాకు తెలుసు. ఇచ్చిన మందు చాలలేదు, డోసు పెంచాలి. పెంచే అధికారం నాకు లేదు. ఫోను చేస్తే, డాక్టరుగారు కింద గుండె ఆగిపోయిన మనిషికి సీపీఆర్ చేస్తున్నారని అటువైపు సిస్టర్ చెప్పింది. రెండో డోసు పడేసరికి ఏడు దాటింది.

ఆ రెండున్నర గంటల గురించే ఈ వ్యాసం. అందులో ఎవరి నిర్లక్ష్యమూ లేదు. డాక్టరుగారు మరొక ప్రాణం దగ్గర ఉన్నారు, నేను మంచం పక్కనే ఉన్నాను, మందు ట్రాలీలోనే ఉంది. లేనిదల్లా, రెండు గంటల్లో ఇంత మూత్రం రాకపోతే, బీపీ ఇంత ఉంటే, సిస్టరే ఇంత డోసు ఇచ్చి డాక్టరుకు చెప్పవచ్చని ముందే రాసి సంతకం పెట్టిన ఒక్క కాగితం. గుండె ఉన్నట్టుండి రక్తం తోడలేకపోయే అక్యూట్ హార్ట్ ఫెయిల్యూర్‌తో వచ్చిన రోగికి ఏ మందు ఇవ్వాలన్నది డాక్టరు నిర్ణయిస్తారు. ఇచ్చిన మందు పనిచేసిందా లేదా అన్నది గంటగంటకూ కనిపెట్టేది నర్సు. ఈ రెండో పనిని వైద్యంలో భాగంగా గుర్తించి, దానికి తగిన అధికారమూ సమయమూ ఇచ్చినప్పుడే ఈ రోగుల గతి మారుతుందని ఇరవై రెండేళ్ళ సర్వీసు తర్వాత నేను గట్టిగా నమ్ముతున్నాను.

గుండె బలహీనపడినప్పుడు ఏం జరుగుతుందో, రోగి ఇంటివాళ్ళకు నేను చెప్పే మాటల్లోనే ఇక్కడా చెబుతాను. పంపు సరిగా తోడకపోతే వెనకాల నీరు నిలిచిపోతుంది. గుండె ఎడమ గది రక్తాన్ని ముందుకు తోయలేనప్పుడు ఆ ఒత్తిడి వెనక్కి తిరిగి ఊపిరితిత్తుల మీద పడి, గాలి ఉండవలసిన చోట నీరు చేరుతుంది. మూత్రపిండాలకు రక్తం తక్కువగా అందేసరికి, అవి ఒంట్లో నీరే తక్కువైందనుకుని ఉప్పునూ నీటినీ బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచుతాయి. పగలంతా కాళ్ళలో నిలిచిన నీరు రాత్రి పడుకోగానే రక్తంలోకి తిరిగి వస్తుంది. అందుకే ఆయాసం తరచు నిద్రలో, ఒంటిగంటకో రెండింటికో మొదలై మనిషిని లేపి కూర్చోబెడుతుంది. లాసిక్స్ ఆ పట్టి ఉంచిన ఉప్పును మూత్రంలోకి వదిలిస్తుంది, ఉప్పు వెంట నీరు పోతుంది. నరంలోకి ఇచ్చిన లాసిక్స్ ఐదు నిమిషాల్లో పని మొదలుపెట్టి, అరగంటకు ఉధృతమై, రెండు గంటలకల్లా చాలావరకు తగ్గిపోతుంది. అంటే ఆ డోసు చాలిందో లేదో తెలుసుకోవడానికి మర్నాడు ఉదయం రౌండ్స్ దాకా ఆగనక్కరలేదు.

ఇది నా సొంత సిద్ధాంతం కాదు. 2021లో యూరోపియన్ సొసైటీ ఆఫ్ కార్డియాలజీ ఇచ్చిన మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది: రోగి అప్పటిదాకా రోజుకు వేసుకుంటున్న మాత్రల డోసుకు ఒకటి నుంచి రెండు రెట్లు నరంలోకి ఇవ్వాలి, రెండు గంటల తర్వాత మూత్రంలో సోడియం లీటరుకు 50 నుంచి 70 మిల్లీఈక్వివలెంట్ల కన్నా తక్కువ ఉన్నా, మొదటి ఆరు గంటల్లో గంటకు 100 నుంచి 150 మిల్లీలీటర్ల కన్నా తక్కువ మూత్రం వచ్చినా, మందు చాలలేదని గుర్తించి డోసు రెట్టింపు చేయాలి. ఆ రాత్రి వచ్చిన బాబాయిగారికి గంటకు సుమారు 55 మిల్లీలీటర్లే వచ్చింది. ఈ మార్గదర్శకం డాక్టర్లందరికీ తెలుసు, సమావేశాల్లో స్లైడ్లు వేసి చెబుతారు కూడా. కానీ తెల్లవారుజామున నాలుగున్నరకు యూరిన్ బ్యాగ్ దగ్గర వంగి గీతలు చూసేది ఎవరన్నది ఆ స్లైడ్ల మీద నేను ఎన్నడూ చూడలేదు.

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. సర్వీసులో చేరిన మొదటి సంవత్సరాల్లో నేను పనిచేసిన వార్డులో నలభై మంచాలకు రాత్రిపూట ఇద్దరం ఉండేవాళ్ళం. ఇన్‌టేక్ అవుట్‌పుట్ చార్టులు తెల్లవారి ఐదున్నరకు, డ్యూటీ అప్పగించే ముందు, అన్నీ ఒకేసారి వరసగా నింపేవాళ్ళం. తాగింది 1500, పోసింది 1400; పక్క మంచానికి 1600, 1500. సీనియర్లు అలాగే నేర్పారు, నేనూ అలాగే నేర్చుకున్నాను. ఒక డెబ్బై ఏళ్ళ మామ్మగారు ఆయాసంతో చేరి, నాలుగో రోజుకు కాస్త తేరుకుని, కోడలి చేయి పట్టుకుని బాత్రూముకు నడిచి వెళ్తుండేవారు. ఆమెకు ఎంత పోతోందో నేను కొలవలేదు. 1700 అని రాశాను. రౌండ్స్‌లో ఆ అంకె చూసి, బాగానే పోతోందని, ఇంజెక్షన్ మాన్పించి మాత్రకు మార్చారు. ఆ రాత్రే ఆమెకు మళ్ళీ ఊపిరితిత్తుల్లో నీరు చేరింది, వెంటిలేటర్ మీదకు వెళ్ళారు, మూడో రోజు పోయారు. నా అంకె వల్ల పోయారని ఎవరూ అనలేదు. అసలు ఆ చార్టు గురించి ఎవరూ అడగనే లేదు. అడగకపోవడమే నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వదు, ఎందుకంటే ఆ కాగితాన్ని రాసినవాళ్ళూ చదివినవాళ్ళూ ఇద్దరూ ఒక తంతుగానే చూశారని అప్పుడే అర్థమైంది.

ఆ తర్వాత నేను చేసిన మొదటి పని, లీటరు గీతలున్న ప్లాస్టిక్ జగ్గులు నాలుగు కొని, మంచం నంబరు రాసి బాత్రూములో పెట్టడం. కోడళ్ళకూ కూతుళ్ళకూ గీత చూసి అంకె చెప్పడం ఒక్కసారి నేర్పితే చాలు, మాకన్నా శ్రద్ధగా చెబుతారు. రెండో పని బరువు. మా వార్డులో బరువు చూసే మిషను మెట్ల కింద సామాన్ల గదిలో, విరిగిన సెలైన్ స్టాండ్ల వెనక పడి ఉండేది. హార్ట్ ఫెయిల్యూర్ రోగికి రోజూ ఉదయం, మూత్రానికి వెళ్ళొచ్చాక, టిఫిన్ తినకముందు, అవే బట్టలతో బరువు చూడడం చార్టుకు సాక్ష్యం లాంటిది. లీటరు నీరు పోతే కిలో బరువు తగ్గాలి. చార్టులో రెండు లీటర్లు ఎక్కువ పోయినట్టుండి బరువు తగ్గకపోతే, చార్టయినా తప్పు, మనకు తెలియకుండా రోగి తాగుతున్నదయినా ఎక్కువ. రక్తపరీక్షలేవీ చెప్పలేని ఈ మాటను వెయ్యి రూపాయల మిషను చెబుతుంది.

ఇక అధికారం మాట. నర్సు డోసు పెంచడమేమిటని అడిగే డాక్టర్ల ఆందోళన నాకు అర్థమవుతుంది, దాన్ని తేలిగ్గా తీసుకోను. లాసిక్స్ మంచినీళ్ళు కాదు. పొటాషియం పడిపోతుంది, బీపీ తగ్గుతుంది, మూత్రపిండాలు మొరాయిస్తాయి, పెద్ద డోసు వేగంగా తోస్తే వినికిడి దెబ్బతింటుంది. అందుకే నేను అడుగుతున్నది నర్సు తనకు తోచిన డోసు ఇచ్చే స్వేచ్ఛ కాదు. రోగి చేరినప్పుడే డాక్టరు మెట్లు రాసిపెట్టాలి: మొదటి డోసు ఇంత, రెండు గంటలకు మూత్రం ఇంతకన్నా తక్కువైతే రెండో డోసు ఇంత, బీపీలో పై అంకె (సిస్టాలిక్) 90 కన్నా తగ్గినా, పొటాషియం ఫలానా అంకెకు దిగినా, మనిషి మత్తుగా ఉన్నా ఇవ్వకుండా ఆగి ఫోను చేయాలి. షుగరు రోగులకు ఇన్సులిన్ విషయంలో ఇలాంటి పట్టికలు ఎన్నేళ్ళుగానో మా వార్డుల్లో నడుస్తున్నాయి. గ్లూకోమీటరు చూపించిన అంకెను బట్టి ఎన్ని యూనిట్లో నర్సే చూసి ఇస్తుంది. ఇన్సులిన్ లాసిక్స్ కన్నా తక్కువ ప్రమాదకరమైన మందేమీ కాదు.

మెట్ల ప్రకారం నడిస్తే ఫలితం ఉంటుందా అంటే, నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో 310 మంది రోగులతో చేసి 2023లో ప్రచురించిన పుష్-ఏహెచ్ఎఫ్ పరీక్షలో, మూత్రంలో సోడియం చూసుకుంటూ మందు సవరించిన వాళ్ళకు మొదటి రోజు ఒంట్లోంచి ఉప్పు బాగా ఎక్కువగా పోయింది. అయితే ఆరు నెలల్లో మరణాలూ తిరిగి చేరడాలూ తగ్గినట్టు అందులో తేలలేదు, ఆ మాట కూడా చెప్పి తీరాలి. నాకు దీనిలో ఆశ్చర్యం కనిపించదు. మొదటి రాత్రి నీరు తీయడం వేరు, ఆ నీరు మళ్ళీ చేరకుండా చూడడం వేరు. మొదటిది గంటల పని, రెండోది నెలల పని. ఆ రెండో పని ఆసుపత్రి గుమ్మం దాటాక వంటింట్లో మొదలవుతుంది.

డిశ్చార్జి రోజు మా దగ్గర ఏం జరుగుతుందో చూసినవాళ్ళకు తెలుసు. ఆరోగ్యశ్రీ కాగితాలు పూర్తి కావాలి, ఫోటో తీయాలి, మంచం కోసం అవతల మరొకరు బెంచీ మీద కూర్చుని ఉంటారు. మందుల చీటీ చేతిలో పెట్టి, "ఉప్పు తగ్గించండి, నీళ్ళు తగ్గించండి, పదిహేను రోజులకు రండి" అని మూడు ముక్కలు చెప్పి పంపుతాం. రోగి తల ఊపుతాడు. ఆ తల ఊపడాన్ని నమ్మి కేస్ షీట్ మీద సలహా ఇచ్చామని రాస్తాం.

"ఉప్పు తగ్గించండి" అన్న మాటకు అర్థం లేదని నాకు తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. బాబాయిగారి భార్యను కూర్చోబెట్టి, "పిన్నిగారూ, మొన్న ఆదివారం పొద్దున్నుంచీ ఆయన ఏమేం తిన్నారో వరసగా చెప్పండి" అని అడిగాను. ఇడ్లీలోకి కారప్పొడి, పల్లీ చట్నీ. మధ్యాహ్నం ఎండుచేపల పులుసు, ముద్దపప్పులో ఆవకాయ, నంచుకోవడానికి ఊరమిరపకాయ, రెండు అప్పడాలు, చివర ఉప్పేసిన మజ్జిగ. సాయంత్రం నీరసంగా ఉందంటే ఓఆర్‌ఎస్ పొట్లం కలిపి ఇచ్చారు. రాత్రి గోధుమరవ్వ ఉప్మా, నిమ్మకాయ పచ్చడి. "కూరలో ఉప్పు బాగా తగ్గించేశానండీ, ఆయన అసలు రుచే లేదని గొడవ కూడా చేస్తున్నారు" అని ఆమె అన్నారు. ఆమె అబద్ధం చెప్పలేదు. ఉప్పంటే కూరలో వేసేదే అని ఆమె లెక్క. పచ్చడీ అప్పడమూ ఎండుచేపా ఓఆర్‌ఎస్సూ కూడా ఉప్పు లెక్కలోకే వస్తాయని ఆమెకు ఎవరూ చెప్పలేదు. పెద్దవాళ్ళకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, అంటే తలగొట్టిన ఒక్క టీ చెంచా. అందుకని ఇప్పుడు నేను చెప్పే పద్ధతి వేరు. చిన్న డబ్బీలో పొద్దున్నే చెంచా కన్నా కాస్త తక్కువ ఉప్పు పోసి పెట్టుకోండి, ఆయన వాటా పప్పూ కూరా ఉప్పు వేయకముందే వేరే గిన్నెలోకి తీసి ఆ డబ్బీలోంచే వేయండి, పచ్చళ్ళ జాడీ ఆయన కంటికి కనపడనివ్వకండి, పులుపుకు నిమ్మరసం, వాసనకు వెల్లుల్లి, జీలకర్ర, కరివేపాకు వాడండి. ఇది చెప్పడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. ఆ ఇరవై నిమిషాలు నా డ్యూటీ లెక్కలో ఎక్కడా లేవు.

మందుల దుకాణంలో ఇంకో రెండు ప్రమాదాలు కాచుకుని ఉంటాయి. మోకాళ్ళ నొప్పికి అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు ఒంట్లో ఉప్పునూ నీటినీ నిలబెట్టి, మేము వారం రోజులు తీసిన నీటిని నాలుగు రోజుల్లో తిరిగి చేర్చగలవు. రెండోది, బీపీకి మంచిదని ప్రకటనలు చూసి కొనే తక్కువ సోడియం ఉప్పు. అందులో సోడియం తగ్గించిన మేరకు పొటాషియం కలుపుతారు. పొటాషియాన్ని ఒంట్లో నిలిపే స్పైరనోలాక్టోన్, రామిప్రిల్ లాంటి మందులు వాడుతున్న గుండె రోగికి పొటాషియం ఎక్కువైతే గుండె లయ తప్పి ప్రాణం మీదకు రావచ్చు. చదువుకున్న పిల్లలు తండ్రి మీద ప్రేమతో హైదరాబాదు నుంచి పార్సిల్ చేసిన ఉప్పు పొట్లమే ఇలా ముప్పు కావడం నేను చూశాను. బాబాయిగారి విషయంలో అసలు కారణం ఇవేవీ కావని మూడో రోజున బయటపడింది. మనవరాలి ఓణీల ఫంక్షనుకు కూతురి ఊరు వెళ్ళి, బస్సులో మాటిమాటికీ దిగలేక ఆయన నాలుగు రోజులు లాసిక్స్ మానేశారు. ఈ సంగతి ఆయన డాక్టరుగారికి చెప్పలేదు, తిడతారని భయం. స్పాంజ్ బాత్ చేస్తుంటే నాకు చెప్పారు. ఆ మాత్ర ప్రభావం సుమారు ఆరు గంటలు ఉంటుంది, లాసిక్స్ అన్న పేరు కూడా ఆ ఆరు గంటల మీదుగానే వచ్చిందంటారు. ప్రయాణమున్న రోజు ఊరు చేరాక వేసుకుంటే సరిపోతుందని డాక్టరుగారిని అడిగి చెప్పాను. ఆయన ముఖంలో ఎంత తేలికదనం వచ్చిందో! మానక్కరలేదు, జరిపితే చాలని మూడేళ్ళలో ఆయనకు ఎవరూ చెప్పలేదు.

నర్సు చేసే ఈ పనికి విలువ ఉందని పరిశోధనలు చెప్పి ముప్పై ఏళ్ళయింది. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో 70 ఏళ్ళు, ఆ పైబడిన 282 మంది రోగులతో చేసి 1995లో ప్రచురించిన పరీక్షలో, ఒక నర్సు ముందుండి రోగికీ ఇంటివాళ్ళకూ జబ్బు గురించి చెప్పి, ఆహార నిపుణురాలితో కలిసి తిండి సరిదిద్ది, ఇంటికెళ్ళాక ఫోనులోనూ ఇంటికి వెళ్ళీ కనుక్కుంటూ ఉంటే, మూడు నెలల్లో హార్ట్ ఫెయిల్యూర్‌తో తిరిగి చేరడాలు సగానికి పైగా, 56 శాతం, తగ్గాయి. ఖర్చు కూడా తగ్గింది. స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో 165 మందితో జరిగి 2001లో వచ్చిన పరీక్షలో, హార్ట్ ఫెయిల్యూర్ నర్సు ఇంటికి వెళ్ళి చూసుకున్న వాళ్ళలో చనిపోయినవాళ్ళూ ఆ జబ్బుతో తిరిగి చేరినవాళ్ళూ కలిసి 37 శాతం ఉంటే, మామూలు వైద్యం పొందినవాళ్ళలో 53 శాతం ఉన్నారు.

అన్ని పరీక్షలూ ఇలాగే రాలేదు. నెదర్లాండ్స్‌లో 1023 మందితో చేసి 2008లో ప్రచురించిన కోచ్ పరీక్షలో, నర్సుల తోడ్పాటు ఎంత పెంచినా మరణాలూ ఆసుపత్రి చేరికలూ కలిపి చూస్తే చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. నర్సుల పాత్ర అతిగా చెబుతున్నారనే వాళ్ళు దీన్నే చూపిస్తారు. నేను దాన్ని వేరుగా చదువుతాను. అక్కడ పోలిక కోసం పెట్టిన రోగులకు కూడా గుండె నిపుణులు క్రమం తప్పకుండా చూసే వ్యవస్థ ముందే ఉంది. నిండిన కుండలో ఇంకో చెంబు పోస్తే ఎంత పెరుగుతుంది? మన దగ్గర కుండ ఖాళీగా ఉంది. పైగా, 2022లో లాన్సెట్‌లో వచ్చిన స్ట్రాంగ్-హెచ్ఎఫ్ పరీక్ష ఇంకో సంగతి తేల్చింది. డిశ్చార్జి అయిన వెంటనే మందుల డోసులు త్వరత్వరగా పూర్తి స్థాయికి పెంచుతూ, మొదటి రెండు నెలల్లో రోగిని తరచుగా పిలిచి పరీక్షిస్తూ ఉంటే, ఆరు నెలల్లో మరణమో తిరిగి చేరడమో 23.3 శాతం నుంచి 15.2 శాతానికి తగ్గింది. ఉత్త ధైర్యవచనాలు చాలవు, మందు సవరించే శక్తి కూడా ఆ పలకరింపు వెనక ఉండాలని నాకు ఈ రెండు పరీక్షలూ కలిపి చెబుతున్నట్టు తోస్తుంది. మన కార్డియాలజీ ఓపీల్లో ఒక్కో రోగికి దొరికే మూడు నాలుగు నిమిషాల్లో ఆ పని డాక్టర్లు ఒక్కరే చేయగలరా?

మన దేశపు అంకెలు చదివినప్పుడల్లా నాకు మామ్మగారూ బాబాయిగారూ గుర్తొస్తారు. 2013లో తిరువనంతపురంలో నమోదు చేసిన 1205 మంది రోగుల సగటు వయసు 61 ఏళ్ళు, 8.5 శాతం మంది ఆసుపత్రిలోనే పోయారు, మూడు నెలలు తిరిగేసరికి పోయినవాళ్ళు 18 శాతం. ఆ తర్వాత దేశవ్యాప్తంగా 53 ఆసుపత్రుల్లో 10,851 మందితో నడిచిన జాతీయ నమోదులో మూడు నెలల మరణాలు 14.2 శాతం. ఈ మూడు నెలల్లో ఎక్కువ రోజులు రోగి ఇంట్లోనే ఉంటాడు. కేరళ లాంటి చోటే ఇలా ఉంటే, పీహెచ్‌సీకి పది మైళ్ళ దూరంలో ఉండే మన పల్లెల సంగతి ఊహించుకోవచ్చు.

కావలసినవి మరీ గొప్ప కోరికలు కావు. మా దగ్గర స్టాఫ్ నర్సు కార్డియాలజీ వార్డులో పని పట్టు దొరికించుకునేలోపు రొటేషన్ పేరుతో ఆమెను ప్రసూతి వార్డుకో ఆర్థోకో మారుస్తారు. ఆమె నేర్చుకున్నది అక్కడ అక్కరకు రాదు, ఇక్కడికి వచ్చిన కొత్త అమ్మాయి మళ్ళీ మొదటి నుంచీ మొదలుపెట్టాలి. పెద్ద ఆసుపత్రికి ఇద్దరు చొప్పున నర్సులను హార్ట్ ఫెయిల్యూర్‌కే కేటాయించి, శిక్షణ ఇచ్చి, కనీసం మూడేళ్ళు కదపకుండా ఉంచాలి. డిశ్చార్జికి ముందు ఒక గంట, డిశ్చార్జి అయిన మూడో రోజునా పదో రోజునా ఒక్కో ఫోను వారి పనిగా లిఖితపూర్వకంగా ఉండాలి. వార్డులో రోగుల సంఖ్యకు తగ్గ నర్సులు లేకుండా ఇవేవీ సాగవని వేరే చెప్పనక్కరలేదు. తొమ్మిది యూరప్ దేశాల ఆసుపత్రుల్లో సర్జరీ రోగుల మీద చేసి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, నర్సు మీద ఒక్క రోగి భారం పెరిగితే నెలలోపు మరణించే అవకాశం 7 శాతం పెరిగినట్టు కనిపించింది. వాళ్ళక్కడ ఒక్క రోగి పెరగడం గురించి లెక్క వేస్తున్నారు.

నాతో జీఎన్‌ఎం నర్సింగ్ కోర్సు చదివిన స్నేహితురాలొకరు ఇప్పుడు ఇంగ్లండులో హార్ట్ ఫెయిల్యూర్ నర్సుగా పనిచేస్తోంది. అదనపు కోర్సు పూర్తిచేసి, రోగి కూర్చున్న చోటే మందు డోసు తనే రాసి సవరిస్తుంది; అక్కడ 2006 నుంచీ అర్హత పొందిన నర్సులకు ఆ అధికారం విస్తృతంగా ఉంది. మేమిద్దరం ఒకే బెంచీ మీద కూర్చుని ఒకే పుస్తకం చదివాం. మన దగ్గర ఇది కుదరదనే మాట నేను ఒప్పుకోను. 2017లో తెలంగాణలో, కరీంనగర్‌లో మొదలుపెట్టి, స్టాఫ్ నర్సులకు ఏడాదిన్నర శిక్షణ ఇచ్చి మిడ్‌వైఫ్‌లుగా తీర్చిదిద్దారు. సహజ ప్రసవాలు వాళ్ళ చేతుల మీదుగా జరుగుతున్నాయి. తల్లీబిడ్డల విషయంలో ఉంచగలిగిన నమ్మకం గుండె రోగుల విషయంలో ఎందుకు ఉంచలేమో నాకు తెలియదు. ఆంధ్రప్రదేశ్ గ్రామాల్లోని విలేజ్ క్లినిక్కుల్లో ఇప్పుడు బీఎస్సీ నర్సింగ్ చదివిన అమ్మాయిలు కూర్చుంటున్నారు. బీపీ మిషను వాళ్ళ దగ్గర ఉంది, బరువు మిషను ఉంది. మా వార్డు నుంచి వెళ్ళే రోగి డిశ్చార్జి బరువూ, అతని మందుల చీటీ, ఏ అంకె దాటితే మాకు ఫోను చేయాలో ఆ అమ్మాయికి చేరితే చాలు. ఇప్పుడు మా డిశ్చార్జి కాగితం రోగి చొక్కా జేబులోనే నలిగిపోతోంది.

బాబాయిగారు తొమ్మిదో రోజున ఇంటికెళ్ళారు. వచ్చినప్పుడు 68.2 కిలోలు, వెళ్ళేటప్పుడు 62.6. కొడుకు బరువు మిషను కొన్నాడు. రూళ్ళ నోటుపుస్తకంలో తేదీ, బరువు అని రెండు గడులు గీసి ఇచ్చి, మూడు రోజుల్లో రెండు కిలోలకు మించి పెరిగితే ఆయాసం వచ్చేదాకా ఆగకుండా రావాలని చెప్పి, నేను చెప్పింది ఆయన చేత తిరిగి చెప్పించుకుని పంపాను. మూడో రోజున నా సొంత ఫోను నుంచి చేస్తే పిన్నిగారు, "అప్పడాలు మానేశారమ్మా, ఆవకాయ దగ్గరే ఇంకా పోట్లాట" అన్నారు.

ఏడో వారంలో ఒక బుధవారం ఉదయం ఓపీ వరసలో ఆయన నిలబడి ఉన్నారు. నడిచే వచ్చారు. పుస్తకం తెరిచి వేలు పెట్టి చూపించారు: ఆదివారం 62.8, సోమవారం 63.5, మంగళవారం 64.3, బుధవారం 65.0. శనివారం పెళ్ళి భోజనానికి వెళ్ళారట, ఆదివారం నుంచి చెప్పులు బిగుతుగా ఉన్నాయట, రాత్రి రెండు దిండ్లు పెట్టుకోవలసి వచ్చిందట. ఆ పేజీ తీసుకెళ్ళి డాక్టరుగారి ముందు పెట్టాను. ఆయన ఛాతీ చూసి, రక్తపరీక్ష రాసి, లాసిక్స్ మూడు రోజులు రెట్టింపు చేసి, శనివారం బరువు ఫోనులో చెప్పమన్నారు. కొత్త డోసు పుస్తకంలో పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చాను. పదకొండు గంటల బస్సుకు వెళ్ళాలని ఆయన హడావుడి పడుతుంటే, "ఈ పూట మాత్ర ఇల్లు చేరాకే వేసుకోండి బాబాయిగారూ" అన్నాను. "తెలుసమ్మా" అని పుస్తకం సంచిలో పెట్టుకున్నారు.